విమానముల మరమ్మతు లెక్కలు – చెఱుపరాని చిట్టా

విమానము నెక్కువారు దాని రెక్కలను జూతురు, ఇంజనుల ఘోషను విందురు, మేఘములను గాంచి సంతోషింతురు. ఆ విమానమునకు వెనుక కాగితముల మూట యొకటి కలదనియు, ఆ మూట సరిగా లేనిచో అది నేల విడువరాదనియు ఎఱిగినవారు తక్కువ. ఈ వృత్తిలోనివారికి పత్రము లేని విడిభాగము విడిభాగమే కాదు. అది క్రొత్తదై తళతళ మెఱయుచున్నను సరే, ఎచ్చట పుట్టినదో, ఎవరు పరీక్షించిరో తెలుపు కాగితము లేనిచో దానిని బిగింపరాదు. ఈ కాగితములను ఇకమీదట బ్లాక్‌చెయిన్ అను క్రొత్త పద్ధతిని వ్రాసి యుంచవలెనని కొన్ని సంవత్సరములుగా చర్చ జరుగుచున్నది. దానిని గూర్చి మా యభిప్రాయమును ఈ సంచికాముఖమున మనవి చేయుచున్నాము. పాఠశాల సంచికలో ఇట్టి విషయమేల యని కొందఱు తల్లిదండ్రులు శంకింపవచ్చును. మన విద్యార్థుల యిండ్ల నుండి గల్ఫు దేశములకును అమెరికాకును పోవువారెందఱో లెక్క పెట్టినచో ఆ శంక తనంతట తీఱును.

మొదట ఈ లెక్కలెట్టివో చెప్పుదుము. మన పాఠశాలలో చేరవచ్చు బాలుడు వెనుకటి పాఠశాల ప్రధానోపాధ్యాయుని సంతకము గల బదిలీ పత్రమును తేవలెను గదా. అట్లే విమానమునకు బిగించు భాగము వెంట, అది పనికి యోగ్యమని అధికారము గలవారు సంతకము చేసిన పత్రము రావలెను. ఐరోపాలో దానిని ఈయాసా ఫారమ్ 1 అనియు, అమెరికాలో 8130-3 అనియు, మన దేశమున సి.ఎ. ఫారమ్ 1 అనియు వ్యవహరింతురు. పేరు వేఱైనను పని యొక్కటే. ఇంజనులో మహావేగముగా తిరుగు చక్రముల విషయమున నియమము మఱింత కఠినము. ఒక మాఱు లేచి ఒక మాఱు దిగినచో దాని నొక ప్రయాణముగా లెక్కింతురు. చక్రమును జేసినవారు అది యెన్ని ప్రయాణములకు పనికివచ్చునో ముందుగనే నిర్ణయింతురు. కొన్నిటికి ఆ సంఖ్య సుమారు 20,000. ఆ సంఖ్య నిండిన పిమ్మట చక్రముపై గీత యైనను లేకున్నను దానిని తీసివేయవలసినదే. కావున చక్రము పుట్టిన దినము మొదలు నేటి వఱకు ఒక్క ప్రయాణమైనను తప్పిపోని లెక్క యుండవలెను. నడుమ రెండేండ్ల కాగితములు కానరానిచో, లక్షల డాలర్లు వెలగల చక్రము పాత యినుము బేరమునకు దిగును.

లోకములో నేడు తిరుగుచున్న ప్రయాణికుల విమానములలో సుమారు సగము అద్దెకు తెచ్చుకొన్నవి. గడువు తీఱి వానిని యజమానికి మఱల నొప్పగించునపుడు చూడవలెను తమాషా! పెట్టెలకు పెట్టెలు కాగితములు బయటికి వచ్చును. మెకానిక్కుల వ్రేళ్ల నూనె మరకలు, చెదరిన సంతకములు, వెలిసిపోయిన ముద్రలు గల పత్రములను ముందు వేసికొని అనుభవశాలురైన మనుష్యులు వారముల తరబడి కూర్చుందురు. ఒక్క పత్రము కొఱకు మూడు దేశములకు ఉత్తరములు పోవును. కంప్యూటరులు వచ్చిన పిమ్మటను ఈ బాధ పూర్తిగా తీఱలేదు. ఏలయనగా ఒక కంపెనీ కంప్యూటరులోని లెక్కను వేఱొక కంపెనీ నమ్మదు. అచ్చు తీసి సంతకము చేసి పంపుమనును.

కాగితము నమ్మరానిదైనచో నేమగునో రెండుదాహరణములు చెప్పుదుము. 1989 సెప్టెంబరు 8వ తేదీన పార్ట్‌నేర్ అను నార్వే కంపెనీ విమానము ఓస్లో నుండి హాంబర్గునకు పోవుచు డెన్మార్కు తీరమున సముద్రములో కూలెను. అందున్న 55 మందియు మరణించిరి. తోక భాగమును పట్టియుంచు బోల్టులలో తగిన గట్టిదనము లేని నకిలీవి యున్నట్లు దర్యాప్తులో తేలెను. రెండవది యిటీవలిది. 2023లో లండను నగరము నుండి విడిభాగముల వ్యాపారము చేయుచుండిన ఏఓజీ టెక్నిక్స్ అను కంపెనీ, దొంగ పత్రములతో ఇంజను భాగములను అమ్మినట్లు బయటపడెను. పోర్చుగల్ దేశపు మరమ్మతువారు ఒక భాగమును జూచి, క్రొత్తదని పత్రము చెప్పుచుండగా వస్తువు పాతదిగా కనబడుచున్నదేమని అనుమానించి, ఇంజను తయారీదారులలో నొకరైన సఫ్రాన్ వారిని అడిగిరి. ఆ పత్రము మాది కాదని వారు చెప్పిరి. పిమ్మట వెదకగా 100కు పైగా ఇంజనులలో ఆ కంపెనీ యమ్మిన భాగములు దొరకెను. అనేక దేశముల విమానములను నేలపై నిలిపి ఇంజనులు విప్పవలసి వచ్చెను. 2023 డిసెంబరులో ఇంగ్లండులోని తీవ్ర మోసముల విచారణ కార్యాలయమువారు దర్యాప్తు ప్రారంభించిరి. ఇందులో ప్రాణనష్టము కలుగలేదు. అది అదృష్టమే గాని కాగితముల గొప్పతనము కాదు.

ఇక బ్లాక్‌చెయిన్ సంగతి. దీనిని గూర్చి మాయమంత్రము వలె మాటలాడువారు పెక్కుమంది యున్నారు గాని లోపలి యుపాయము బడిపిల్లలకు సైతము బోధపడునట్టిదే. ఏ పత్రమునైనను ఒక గణితపు మఱలో వేసినచో దానికొక గుఱుతు వచ్చును. దానిని హ్యాష్ అందురు. తఱచుగా వాడు పద్ధతిలో ఆ గుఱుతు 64 అక్షరములు గలది. పత్రము పది పుటలున్నను పది మాటలున్నను గుఱుతు పొడవొక్కటే. పత్రములో ఒక్క చుక్క మార్చినను గుఱుతు మొత్తము మాఱిపోవును. ఇప్పుడొక చిట్టాలో ప్రతి పుట తలపైనను వెనుకటి పుట గుఱుతును వ్రాసితిమనుకొనుడు. ఎవడైన దొంగ యిరువదవ పుటను దిద్దినచో దాని గుఱుతు మాఱును. అది యిరువదియొకటవ పుట తలపైనున్న గుఱుతుతో సరిపోదు. సరిపెట్టవలెనన్నచో తరువాతి పుటలన్నిటిని తిరుగవ్రాయవలెను. ఆ చిట్టా ప్రతులు పదిమంది యొద్ద నున్నచో పదిమంది యిండ్లలోను దొంగతనము చేయవలెను. ఇంతే దీని రహస్యము.

ఈ యూహ నాణెములతో పుట్టినది కాదు. స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టార్నెట్టా అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1991లో, పత్రములకు చెఱుపరాని తేదీ వేయుటెట్లని యోచించి ఈ గొలుసును ప్రకటించిరి. 1995 మొదలు ఆ గుఱుతులను న్యూయార్క్ టైమ్సు పత్రికలో చిన్న ప్రకటనగా వారమువారము అచ్చువేయించుట జరిగెను. లక్షలమంది యిండ్లకు పోయిన పత్రికను ఎవడు దిద్దగలడు? 2008లో సతోషి నకమోటో అను మాఱుపేరు గల వ్యక్తి దీనిని బిట్‌కాయిన్ అను ధనమునకు వినియోగించుటతో లోకమంతయు దీనిని డబ్బు బేరముగా తలచెను. ఆ ధనముతో ఇచ్చట మాకు పని లేదు. విమాన లెక్కలకు కావలసినది అనుమతి గలవారు మాత్రమే వ్రాయు చిట్టా. అందు జూదము లేదు, బజారు లేదు.

ఇట్టి చిట్టా యున్నచో 2023లో జరిగిన మోసమును అరికట్టగలిగెడిదా? మా తలంపున చాలవఱకు అరికట్టెడిదే. భాగమును జేసినవాడు పత్రము గుఱుతును తన రహస్యపు తాళముతో చిట్టాలో వేసియుండును. కొనువాడు తనకు వచ్చిన పత్రమును మఱలో వేసి చూచుకొనును. సరిపోనిచో ఆ క్షణముననే తిరస్కరించును. ఒక భాగము నాలుగు చేతులు మాఱి వచ్చినను నలుగురి యడుగుజాడలును కనబడును.

1989 జులై 19వ తేదీన అమెరికాలో సూ సిటీ యను పట్టణమున కూలిన యునైటెడ్ 232 విమానము కథ యింకను చిత్రమైనది. తోక యందలి ఇంజనులో ముందరి పెద్ద చక్రము పగిలెను. 1971లో ఆ చక్రమునకు లోహము కరగించునాడే అందు కంటికి కనబడని లోపము చేరియుండెను. దర్యాప్తు చేయువారు చక్రము జాతకమును వెదకగా, ఒకే సంఖ్య గల రెండు చక్రములు తయారీదారు లెక్కలలో కనబడెను. ఏది యేది? అదే ముద్ద నుండి వచ్చిన తోబుట్టువులు వేఱే విమానములలో తిరుగుచున్నవా? పదునెనిమిది సంవత్సరముల వెనుకటి కాగితములు ఈ ప్రశ్నలకు తిన్నని జవాబు చెప్పలేకపోయినవి. నాడు 100 మందికి పైగా మరణించిరి. మంచి చిట్టా ఆ చక్రమును పగులకుండ ఆపలేకపోయెడిది. తక్కిన చక్రములను పట్టుకొనుట మాత్రము ఒక పూట పని యయ్యెడిది. ఒకే సంఖ్యను రెండవ మాఱు వ్రాయబోయిన చేతిని చిట్టాయే ఆపెడిది.

ఇంతవఱకు పొగడితిమి. ఇక పొగడనిది చెప్పవలెను. బ్లాక్‌చెయిన్ అమ్మజూపువారు తమ ప్రకటనలలో దీనిని సత్యమునకు పర్యాయపదముగా వాడుచున్నారు. ఇది శుద్ధ తప్పు. చిట్టా చెఱుపరానిదగుట వేఱు, చిట్టాలో వ్రాసినది నిజమగుట వేఱు. అబద్ధమును రాతిపై చెక్కించినచో అది చెఱుపరాని యబద్ధమగును గాని నిజము కాదు.

1978లో జపాన్ ఎయిర్‌లైన్స్ వారి పెద్ద విమాన మొకటి ఒసాకాలో దిగునపుడు తోక నేలకు రాచుకొనెను. వెనుక నుండు గాలియొత్తిడి గోడ చెడెను. దానిని బాగుచేయుటకు విమానమును నిర్మించిన బోయింగు కంపెనీవారే వచ్చిరి. రెండు లోహపు పలకలను కలుపుటకు ఒకే అఖండమైన బిళ్ల వేయవలసియుండగా, ఆ బిళ్ల రెండు ముక్కలై పడెను. తత్ఫలితముగా రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారము ఒక్క వరుసపై పడెను. పని ముగిసినది, సంతకము లైనవి, విమానము ఏడేండ్లు ఎగిరెను. 1985 ఆగస్టు 12వ తేదీన ఆ గోడ పగిలి, తోక యూడి, 524 మందిలో 520 మంది మరణించిరి. ఒక్క విమాన ప్రమాదములో ఇంతమంది చనిపోవుట నాటికిని నేటికిని వేఱొకటి లేదు. ఆ మరమ్మతు పత్రమును ప్రపంచములోని గొప్ప బ్లాక్‌చెయిన్‌లో వేసియున్నను ఏమి లాభము? పత్రము నకిలీది కాదు. సంతకము నకిలీది కాదు. బిళ్ల మాత్రమే తప్పు.

అసలు వ్రాయనే వ్రాయని పని సంగతి యేమి? 2024 జనవరి 5వ తేదీన అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి విమానము పోర్ట్‌లండు నుండి లేచిన కొన్ని నిమిషములకే, తలుపునకు బదులుగా మూసియుంచిన పలక యూడి గాలిలోనికి పోయెను. 177 మంది యుండియు ఎవరును మరణింపకుండుట దైవానుగ్రహము. కొన్ని నెలల క్రిందట కార్ఖానాలో కొన్ని రివెట్లను సరిచేయుటకై ఆ పలకను తెఱచి, మఱల మూయునపుడు నాలుగు బోల్టులు బిగింపలేదని దర్యాప్తులో తేలెను. పలకను తెఱచితిమని వ్రాసిన కాగిత మేదియని అడుగగా, అట్టి కాగితమే లేదని తయారీదారు చెప్పవలసి వచ్చెను. తెఱచినట్లు వ్రాసియున్నచో మూసినట్లు తనిఖీ జరిగెడిది. లేని వ్రాతను ఏ గొలుసు పట్టగలదు?

ఇచ్చటనే మాకు ముఖ్యమైన భయ మొకటి కలదు. ఈ భయమును ప్రకటనలు వ్రాయువారు పట్టించుకొనుట మేము చూడలేదు. అర్ధరాత్రి వేళ, వానలో తడిసిన రెక్క క్రింద, తెల్లవాఱుజామున ఆఱు గంటలకు విమానము బయలుదేరవలెనను తొందరలో పనిచేయు మెకానిక్కును తలచుకొనుడు. వాని వ్రాత యెన్నటికిని చెఱుగదనియు, పది దేశములవారు చూతురనియు, చిన్న పొరపాటైనను జన్మాంతము వాని పేరిట నిలుచుననియు చెప్పితిమి. వాడు ఎక్కువగా వ్రాయునా, తక్కువగా వ్రాయునా? విమానయానము ఇంత క్షేమకరమగుటకు ముఖ్యకారణములలో నొకటి, తప్పు చేసినవాడు దండనభయము లేక తప్పును చెప్పుకొనగలుగుట. ఆ యలవాటును చెఱుచు చిట్టా యెంత గట్టిదైనను మాకు వలదు.

దిద్దుబాటు సంగతిలో మాత్రము భయపడ నవసరము లేదు. మన తరగతి హాజరు పట్టీలో తప్పు పడినచో ఉపాధ్యాయుడు దానిని గీకివేయడు. ఒక గీత గీసి, ప్రక్కను సరియైనది వ్రాసి, పొడి సంతకము చేయును. విమాన లాగ్‌బుక్కులోను మర్యాద యిదియే. గొలుసు చిట్టాలోను పాత వ్రాత యట్లే యుండి క్రొత్త వ్రాత దానిని సవరించును. అయితే మెకానిక్కు పేరును అందఱి కంటను పెట్టవలెనను నియమ మేమియు లేదు. చిట్టాలో గుఱుతు మాత్రముంచి, అసలు పత్రమును కంపెనీ బీరువాలోనే యుంచవచ్చును. అధికారి యడిగినపుడు తీసి చూపిన చాలును. ఈ విధముగా చేయుటయే న్యాయమని మా మతము.

ఈ పుస్తక మెవరి చేతిలో నుండవలెనను ప్రశ్న మిగిలినది. మా దృష్టిలో గణితము కంటె ఇదియే కష్టము. వాడిన విడిభాగముల బేరమునకు హనీవెల్ కంపెనీవారు 2018లో బ్లాక్‌చెయిన్ అంగడిని తెఱచిరి. 2020లో సీటా అను సంస్థ ఆధ్వర్యమున మరమ్మతు రంగపు కంపెనీలు కొన్ని యొక కూటమిగా చేరినవి. అందు మన చెన్నపట్టణమున నున్న రామ్‌కో సిస్టమ్స్ వారును కలరు. యత్నములకు కొదువ లేదు. అయినను, ఓడల వ్యాపారములో జరిగిన దానిని మఱువరాదు. మేర్స్క్ అను గొప్ప ఓడల కంపెనీయు ఐ.బి.ఎం. వారును కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అను గొలుసు చిట్టాను ప్రకటించిరి. 2022 నవంబరులో దానిని మూసివేయుచున్నామని వారే చెప్పిరి. యంత్రము చెడి కాదు. వ్యాపార మంతయు కలిసి రానందున. పోటీదారుని యింటిలోనున్న పద్దుపుస్తకములో తన లెక్క వ్రాయుట కెవనికి మనసొప్పును? ఒక యూరిలో ఇరువురు షావుకార్లుండగా ఒకడు రెండవవాని గుమాస్తాచేత తన చిట్టా వ్రాయించుకొనునా?

అట్లయినచో ప్రభుత్వమే ఒక పెద్ద రిజిస్టరు పెట్టి వ్రాసికొనరాదా, గొలుసెందుకని కొందఱు బుద్ధిమంతులు అడుగుచున్నారు. ఒక దేశపు హద్దులలో ముగిసిపోవు లెక్క యైనచో మేమును వారితో నేకీభవింతుము. మన ఆంధ్రదేశమున 2017లో భూమి దస్తావేజులకు బ్లాక్‌చెయిన్‌ను పరీక్షింప బూనినపుడు, నమ్మకమైన రిజిస్ట్రారు కచేరీ యుండగా ఈ గొలుసేల యని యడుగుటకు తావుండెను. భూమి కదలదు. విమానము కదలును. ఐర్లండు యజమానిది, ఢిల్లీలో నమోదైనది, ఫ్రాన్సులో చేసిన ఇంజను గలది, సింగపూరులో మరమ్మతైనది, రేపు బ్రెజిలునకు పోవునది – దీని పద్దును ఏ యొక్క ప్రభుత్వము చేతిలో పెట్టినను తక్కినవి యొప్పవు. ఎవరును ఎవరికిని పూర్తిగా లోబడని చోటనే గొలుసు చిట్టాకు పని. తయారీదారు లొక ప్రతిని, అద్దె కంపెనీ లొక ప్రతిని, ఆయా దేశముల విమానయాన శాఖలు తలకొక ప్రతిని ఉంచుకొనవలెను; వ్రాయు నియమములను ప్రభుత్వములు ఏర్పఱుపవలెను. తయారీదారు చేతిలోనే తాళమున్నచో స్వతంత్రులైన చిన్న మరమ్మతువారి నోరు కొట్టుటకు ఆ చిట్టాయే కఱ్ఱ యగును.

మన దేశమునకు దీని యక్కఱ ఇతరులకంటె నెక్కువయే. 2023 మేలో గో ఫస్ట్ అను విమాన కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. దాని విమానములు ఎక్కువ భాగము అద్దెవి. తమ విమానములను తమకిమ్మని యజమానులు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. వానిని తనిఖీ చేసికొనుటకు సైతము కోర్టు అనుమతి తెచ్చుకొనవలసి వచ్చెను. 54 విమానముల నమోదును రద్దు చేయుమని 2024 ఏప్రిలులో తీర్పు వచ్చునప్పటికి అవి సుమారు ఒక సంవత్సరము నేలపై పడియుండెను. పనిచేయని కంపెనీ గుమాస్తాలు ఎక్కడికో పోవుదురు, బీరువా తాళము ఎవని యొద్దనో యుండును. కాగితము ప్రతులు పలువురి యొద్ద నున్నచో చచ్చిన కంపెనీతోపాటు విమానము జాతకమును చావదు. ఈ యొక్క లాభమే ప్రయత్నమును సమర్థించుటకు చాలునని మేము తలచుచున్నాము.

ఎచ్చట మొదలిడవలెను? సమస్తమును ఒక్కసారి గొలుసులో వేయవలెననువారు దేనిని పూర్తి చేయరు. టైరు మార్చిన సంగతి, దీపము వెలుగని సంగతి మామూలు కంప్యూటరులో నుండనిండు. జీవితకాలము నిర్ణయింపబడిన ఇంజను చక్రములను మాత్రము ముందు చేర్చవలెను. ఒక ఇంజనులో అట్టివి కొన్నియే యుండును. ప్రతిదానికి సంఖ్య కలదు. ప్రతిదాని తప్పును ప్రాణములతో చెల్లింతుము. భాగముతో వచ్చు యోగ్యతాపత్రము రెండవది. శంషాబాదు చెంత జి.ఎం.ఆర్. వారి విమాన మరమ్మతుశాల యున్నది. 2025 నవంబరులో సఫ్రాన్ వారు లీప్ ఇంజనులను విప్పి బాగుచేయు పెద్ద కర్మాగారమును అచ్చటనే ప్రారంభించిరి. మన దేశపు విమానములలో నేడు విరివిగా నున్న ఇంజనులలో నది యొకటి. ఆ కర్మాగారము నుండి వెలువడు చక్రముల పద్దును మొదటి పుటగా వ్రాయుటకు మన విమానయాన శాఖవారు ఇప్పుడే అడుగవచ్చును. పాత ఇంజనుల కాగితములను వెనుకకు పోయి సరిచేయుట పదింతలు కష్టము.

ఆ శాలలలో చేరదలచు విద్యార్థులు మమ్ము తఱచుగా, కంప్యూటరు నేర్చుకొనవలెనా, పానా పట్టుట నేర్చుకొనవలెనా యని యడుగుచున్నారు. లైసెన్సు పరీక్షలో రెండును వచ్చును. మేము మాత్రము మూడవ దొకటి చెప్పుచున్నాము: చేసినదానిని చేసినట్లు, చేసిన వెంటనే, ఇతరులకు చదువ వీలగు దస్తూరితో వ్రాయుట. వచ్చు సంవత్సరము నుండి మన శాస్త్ర ప్రయోగశాలలోని నోటుపుస్తకములలో రబ్బరు వాడకుండ, గీత గీసి సంతకము చేయు పద్ధతిని పై తరగతులలో ప్రవేశపెట్టవలెనని ఉపాధ్యాయులకు ఇందుమూలముగా సూచించుచున్నాము.